కొలత తెలిసినవాడు మాట నేర్వాలి



ఈమధ్య మీ ఊళ్ళకు చదువుకుంటున్న కుర్రవాళ్ళు, ఆడపిల్లలు సంచులు తగిలించుకొని రావడం మీరు చూస్తూనే వుంటారు. ఒకరు చెరువు నీళ్ళు సీసాలో పట్టుకుంటారు. ఒకరు బోరులోకి టేపు దింపి నీటిమట్టం చూసుకుంటారు. ఇంకొకరు చేలో మట్టి తవ్వి పొట్లం కట్టుకుంటారు. వీరంతా నీరు, నేల, గాలి, అడవి, పురుగుమందుల అవశేషాలు మొదలైనవాటిని గురించి పరిశోధనలు చేసే యువ శాస్త్రజ్ఞులు. “ఈ మట్టి ఎందుకు నాయనా?” అని మీరడిగితే కొందరు నవ్వి ఊరుకుంటారు. కొందరు చెబుతారు గాని, చెప్పినది మనకు అంతుపట్టదు. వాళ్ళు వెళ్ళిపోతారు, వాళ్ళతో మట్టీ వెళ్ళిపోతుంది. ఆ మట్టిలో ఏమున్నదో తెలిపే కబురు మాత్రం తిరిగి రాదు. ఒకవేళ వచ్చినా మన భాషలో రాదు.

ఇందుకు ఆ పిల్లలను నిందించి లాభం లేదు. కొలవడం ఎట్లాగో వాళ్ళకు ఏళ్ళ తరబడి నేర్పారు. కొలిచినదాన్ని రైతుకు చెప్పడం ఎట్లాగో ఎవరూ నేర్పలేదు. నాగలి పట్టడం, విత్తనం వేయడం ఎట్లా నేర్చుకుంటే వచ్చే పనులో, శాస్త్రం చెప్పడమూ అట్లాగే నేర్చుకుంటే వచ్చే పని. ఈ సంగతి గ్రహించి ఇప్పుడు చాలా దేశాలలో, పరిశోధన మొదలుపెట్టిన తొలి సంవత్సరాలలోనే యువ శాస్త్రజ్ఞులకు ఈ విద్యలో శిక్షణ ఇస్తున్నారు. మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖవారు 2018లో ‘అవ్‌సర్’ అనే పథకం పెట్టారు. పరిశోధక విద్యార్థులు తమ పనిని మామూలు జనానికి అర్థమయ్యేటట్లు వ్యాసంగా రాస్తే మంచి వాటికి బహుమతులిచ్చే ఏర్పాటు అది.

“ఇదంతా చదువుకున్నవాళ్ళ గొడవ, మాకెందుకు?” అని మీరనవచ్చు. ఎందుకంటే, చెప్పేవాడు సరిగా చెప్పకపోతే నష్టం చెప్పేవాడికి రాదు. విని నమ్మినవాడికి వస్తుంది. ఈ విషయంలో శిక్షణ ఇచ్చేవారు తరచు చెప్పే ఉదాహరణ ఒకటి వున్నది. అది గొర్రెల కాపరుల కథ. జరిగినది మన దేశంలో కాకపోయినా, వింటుంటే మన ఊరి కథే అనిపిస్తుంది.

ఇంగ్లండు దేశానికి వాయవ్య మూలన కంబ్రియా అనే కొండ ప్రాంతం వున్నది. అక్కడి రైతులకు గొర్రెలే ఆస్తి. వేసవిలో మందలు కొండలమీద విశాలమైన బయళ్ళలో మేస్తాయి. ఆగస్టు దాటాక గొర్రెపిల్లలను సంతలకు తోలి అమ్ముతారు. ఆ ఏడాది సంసారం గడిచేది ఆ డబ్బుతోనే. 1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో పెద్ద ప్రమాదం జరిగింది. అక్కడినుంచి లేచిన రేడియో ధార్మిక ధూళి గాలిలో వేల కిలోమీటర్లు ప్రయాణం చేసింది. మే నెల మొదటి రోజులలో కంబ్రియా కొండలమీద భారీగా వాన కురిసింది. ఆ వానతోపాటు సీజియం అనే ధార్మిక పదార్థం గడ్డిమీద పడింది. గడ్డి మేసిన గొర్రెల మాంసంలోకి చేరింది.

మొదట అధికారులు భయం లేదన్నారు. తరువాత జూన్ 20న ఆ కొండ ప్రాంతాల గొర్రెలను కదిలించరాదు, కోయరాదు అని ఆంక్ష పెట్టారు. అది మూడు వారాలకు మాత్రమే అన్నారు. పిల్లలు సంతకు వచ్చే అదునుకు ముందే గడువు తీరిపోతుంది గదా అని రైతులు ఊరుకున్నారు. మూడు వారాలు గడిచాయి. ఆంక్ష తీసేయలేదు సరికదా, ఈసారి గడువు చెప్పకుండా పొడిగించారు. కొంత ప్రాంతానికి త్వరలోనే విముక్తి కలిగింది. కొన్ని కొండలకు మాత్రం కలగలేదు. చిట్టచివరి ఆంక్షలు తొలగిపోయినది 2012 జూన్ 1న. మూడు వారాలన్నది కొందరు రైతుల విషయంలో ఇరవై ఆరేళ్ళయింది.

ఇంత చదువుకున్నవారి లెక్క ఎందుకు తప్పింది? కారణం నేలలో వున్నది. సీజియం మట్టిలోకి దిగాక బంకమన్ను రేణువులు దాన్ని తమ పొరలలో బిగించి పట్టుకుంటాయి, మళ్ళీ గడ్డి వేళ్ళకు అందనివ్వవు. అటువంటి నేలలను చూసి వేసిన అంచనా అది. గొర్రె ఒంట్లో చేరిన సీజియం కొద్ది వారాలలో బయటికి పోతుంది, గడ్డినుంచి కొత్తది రాదు, కనుక మూడు వారాలు చాలునని లెక్క కట్టారు. కాని కంబ్రియా కొండలమీద వున్నది బంకమన్ను కాదు. ఆకులు, నాచు కుళ్ళి తయారైన పుల్లని నేల అది. అటువంటి నేలలో సీజియం బిగుసుకోదు. గడ్డి దాన్ని పీల్చుకుంటుంది, గొర్రె మేస్తుంది, పెంటతో తిరిగి నేలలో పడుతుంది, మళ్ళీ గడ్డి పీల్చుకుంటుంది. మన నల్లరేగడికి కట్టిన తడి లెక్కను ఎర్ర గరుసు చేనుకు పెడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పనక్కర లేదు.

అక్కడితో ఆగలేదు. బెంటొనైట్ అనే బంకమన్నును గడ్డిమీద చల్లితే సీజియం తగ్గుతుందేమో చూద్దామని శాస్త్రజ్ఞులు ప్రయత్నం చేశారు. కొండమీద కంచెలు కట్టి, చిన్న మడులలో గొర్రెలను వుంచి పోల్చి చూడబోయారు. రైతులు అప్పుడే చెప్పారు: ఇవి విచ్చలవిడిగా తిరిగి మేసే జీవాలు, కంచెలో పెడితే చిక్కిపోతాయి, చిక్కిన గొర్రెలను కొలిచి ఏమి తెలుసుకుంటారు? ఆ మాట ఎవరూ చెవిని పెట్టలేదు. కొన్ని నెలల తరువాత ఆ ప్రయోగాన్ని చప్పుడు లేకుండా మానుకున్నారు. మందను కొండ దించి లోయలో మేపమన్న సలహా ఒకటి వచ్చింది. లోయలో వున్న కాస్త గడ్డి చలికాలపు మేతకని దాచుకున్నది. ఇప్పుడే మేపేస్తే చలికాలంలో ఏమి పెట్టాలి? ఎండు గడ్డిపరకలు కొని పెట్టమన్నారు ఇంకొకరు. కొండ గొర్రె వాటిని మూతి పెట్టి కూడా చూడదని అక్కడ పసిపిల్లవాడికీ తెలుసు.

లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన బ్రయన్ విన్ అనే సామాజిక శాస్త్రజ్ఞుడు ఈ రైతులను కలుసుకొని వారు చెప్పినదంతా ఓపికగా విన్నారు. ఆయన రాసినదాన్నిబట్టి మనకు తెలిసేదేమిటంటే, శాస్త్రజ్ఞులకు సీజియం కొలవడం బాగానే వచ్చు. చెడింది మూడు చోట్ల. అనుమానంగా తెలిసినదాన్ని ఖాయంగా చెప్పారు. నేలను, జీవాలను పుట్టినప్పటినుంచి ఎరిగినవాళ్ళను అడగలేదు. మాట మార్చవలసి వచ్చినప్పుడు ఎందుకు మారిందో చెప్పలేదు. దీని ఫలితం ఏమైందంటే, ఆ తరువాత వాళ్ళు నిజం చెప్పినా రైతులు నమ్మలేదు. ఆ కొండలకు దగ్గరలోనే ఒక అణుకేంద్రం వున్నది. 1957లో అక్కడ అగ్నిప్రమాదం జరిగింది. “ఇదంతా చెర్నోబిల్‌దేనా? 1986కు ముందు మా కొండలలో తీసిన కొలతలేవి?” అని రైతులు అడిగారు. వారికి తృప్తి కలిగించే జవాబు దొరకలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గదా. వినేవాడు లోకువైనచోట చెప్పేవాడి మాటకూ విలువ మిగలదు.

ఇక శిక్షణలో ఏమి నేర్పుతారో చూద్దాము.

మొదటి పాఠం, చెప్పడానికి ముందు అడగడం. పరిశోధకుడు ఊరికి వచ్చి నోరు తెరిచే ముందు, వినబోయేవాడికి ఏమి తెలుసు, ఏమి కావాలి, దేనికి భయపడుతున్నాడు అన్నవి తెలుసుకోవాలి. కంబ్రియాలో ఒక పూట కాపరుల దగ్గర కూర్చొని వుంటే గొర్రెల కంచెల సంగతి ఆ పూటే తేలిపోయేది. నేలలో తేడా సంగతైనా ముందుగానే అనుమానానికి వచ్చేది.

రెండవ పాఠం, అంకెను వినేవాడి కొలతలోకి మార్చడం. “25 మిల్లీమీటర్ల వర్షపాతం” అంటే అది పత్రిక భాష. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు చోటులో ఒక లీటరు నీరు. ఆ లెక్కన 25 మిల్లీమీటర్ల వాన ఎకరానికి లక్ష లీటర్ల పైచిలుకు నీరు తెస్తుంది. లక్ష లీటర్లు అనగానే రైతుకు తన బోరు ఎన్ని గంటలు ఆడితే అంత నీరు వస్తుందో మనసులో మెదులుతుంది. అట్లాగే “తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు” అంటే ఎవరికీ బోధపడదు. వెయ్యి లీటర్ల ట్యాంకు నీటిలో గ్రామున్నర, అంతకు మించితే తాగరాదు అంటే ఇంటి ఇల్లాలికి కూడా అందుతుంది. దానితోపాటు ఒక ముక్క చేర్చాలి: కాచినందువల్ల ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఈ ముక్క చెప్పకపోతే, కాచి తాగుతున్నాము గదా అని జనం ధీమాగా వుంటారు.

మూడవ పాఠం అన్నిటికన్నా కష్టమైనది. తెలిసినది ఎంత గట్టిగా తెలుసో, అంతే గట్టిగా చెప్పడం. వాన సూచన తీసుకోండి. “రేపు వాన పడే అవకాశం నూటికి 60 పాళ్ళు” అన్నారనుకోండి. ఊరిలో 60 పాళ్ళ చేలమీద పడుతుందని దానికి అర్థం కాదు. ఇట్లాంటి సూచన పదిసార్లు ఇస్తే ఆరుసార్లు వాన పడుతుంది, నాలుగుసార్లు పడదు అని అర్థం. ఇప్పుడు చూడండి. పురుగుమందు కొట్టబోయే రైతు ఈ మాట విని ఆగిపోవడం మేలు. ఎందుకంటే పదింట ఆరుసార్లు మందు కొట్టుకుపోయి డబ్బు దండగ అవుతుంది. అదే సూచన విని, పదును లేని చేలో వున్న గింజలన్నీ విత్తేసే రైతు మాత్రం పదింట నాలుగుసార్లు మోసపోతాడు. అంకె ఒకటే, నిర్ణయాలు రెండు. “రేపు వాన పడుతుంది” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ రెండో రైతు నిండా మునుగుతాడు. కనుక పరిశోధకుడు అనుమానాన్ని దాచిపెట్టరాదు. దాన్ని రైతు చేతికే ఇవ్వాలి. రైతుకు అనుమానంతో వ్యవహరించడం కొత్తకాదు. ఏటా తొలకరిలో ఆయన చేసేది అదే గదా.

నాలుగవ పాఠం, “అయితే నేనేమి చెయ్యాలి?” అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా వుంచుకోవడం. నీరు చెడిపోయింది, నేల చౌడు తేలింది అని భయపెట్టి వెళ్ళిపోతే వినేవాడు చేయగలిగింది లేక చెవులు మూసుకుంటాడు. చేయగలిగిన పని చిన్నదైనా సరే, దాని ఖర్చుతో సహా చెప్పాలి.

ఈ పాఠాలు పుస్తకం చదివితే వచ్చేవి కావు. అందుచేత శిక్షణ తరగతులలో సాధన చేయిస్తారు. పరిశోధకుడు తన పనిని మూడు నిమిషాలలో, ఆ శాస్త్రం ఏమాత్రం తెలియనివారికి చెప్పాలి. విన్నవారు అతని మాటలు చిలకపలుకులుగా కాక, తమ సొంత మాటలలో తిరిగి చెప్పాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ చెప్పినవాడు మళ్ళీ దిద్దుకోవాలి. విత్తనాల మొలక శాతం చూసినట్లే ఇది మాటల మొలక చూడడం. మరికొన్ని తరగతులలో కాగితంమీద గడులు గీయిస్తారు. సమస్య ఏమిటి, దాంతో వినేవారికి పనేమిటి, పరిష్కారమేమిటి, దానివల్ల కలిగే మేలేమిటి అని ఒక్కొక్క గడిలో ఒకటి రెండు వాక్యాలు మాత్రమే రాయాలి. గడి పట్టనంత రాశాడంటే, చెప్పవలసినది ఇంకా తనకే తేలలేదన్నమాట.

ఇట్లా చెబితే నిజంగా లాభమున్నదా అని అడుగుతారేమో. దానికి మన ప్రాంతంలోనే దాఖలా వున్నది. 2003లో మొదలై కొన్ని సంవత్సరాలపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో రైతుల భూగర్భ జల నిర్వహణ పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా 600కు పైగా గ్రామాలలో ఇది జరిగింది. ఇవి బోర్లమీద బోర్లు వేసి, అవి ఎండిపోయి, అప్పులలో కూరుకున్న ఊళ్ళు. అక్కడ శాస్త్రజ్ఞులు వచ్చి “మీరు నీరు ఎక్కువ తోడుతున్నారు” అని ఉపన్యసించలేదు. కొలిచే పనిని రైతుల చేతికే ఇచ్చారు.

ఊరి రైతులు, ఆడా మగా, వానమాపకం చూసి రోజూ వాన రాసుకున్నారు. పదిహేను రోజులకొకసారి ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టం కొలిచారు. ఆ అంకెలు ఊరి మధ్య బోర్డుమీద అందరికీ కనబడేటట్లు రాశారు. ఖరీఫ్ ముగిసి రబీకి నేల సిద్ధం చేసే వేళ అందరూ కూర్చొని నీటి పద్దు వేసుకున్నారు. ఈ ఏడు పడిన వానవల్ల నేలలోకి దిగిన నీరెంత, మనమంతా వేయాలనుకుంటున్న పంటలకు కావలసిన నీరెంత, ఈ రెంటికీ తేడా ఎంత అని చూసుకున్నారు. ఎకరం వరికి పట్టే నీటితో సుమారు రెండెకరాల వేరుశనగ పండించవచ్చు. ఈ లెక్క బోర్డుమీద తమ చేతిరాతతో కనిపించినప్పుడు, వరి వేయవద్దని ఎవరూ ఆజ్ఞాపించనక్కర లేకపోయింది. తీర్మానాలు, జరిమానాలు పెట్టలేదు. ఏ పంట వేయాలో ఎవరికి వారే నిర్ణయించుకున్నారు. చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. లెక్క తమదైనందువల్ల దాన్ని నమ్మారు.

కంబ్రియా కథకూ దీనికీ వున్న తేడా గమనించండి. అక్కడ శాస్త్రం కొండ ఎక్కి ఆజ్ఞగా వచ్చింది. ఇక్కడ బావి గట్టున రైతు చేతిలో టేపుగా వచ్చింది.

మన రేడియోకు కూడా ఈ విషయంలో మంచి వారసత్వమే వున్నది. 1956లో ఆకాశవాణి, యునెస్కో కలిసి పూనా ప్రాంతంలో సుమారు 150 గ్రామాలలో రేడియో రైతు గోష్ఠులు నడిపారు. గ్రామస్థులు ఒకచోట చేరి ప్రసారం వినేవారు. విన్నదాన్ని చర్చించుకునేవారు. వారికి వచ్చిన సందేహాలు కేంద్రానికి చేరేవి, తరువాతి ప్రసారాలలో వాటికి సమాధానాలు వచ్చేవి. వినేవాడు అడిగినప్పుడే చెప్పేవాడు నేర్చుకుంటాడు అన్న సూత్రం అప్పటికే తెలిసినది. యువ పరిశోధకులకు ఈనాడు నేర్పవలసి వస్తున్నదీ అదే.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ఊరికి పరిశోధకుడు వస్తున్నాడని తెలిస్తే, సభ పెట్టి, కుర్చీ వేసి, మైకు చేతికివ్వకండి. ముందు అతన్ని చేలవెంట తిప్పండి. ఒక పాత రైతును, ఒక జీవాల కాపరిని, కూలికి వెళ్ళే ఒక అక్కను పరిచయం చేయండి. వారు చెప్పేది అతను విన్న తరువాతనే సభ పెట్టండి. అతను చెప్పిన మాటలో గడువులు, హామీలు వుంటే, అవి అతనిచ్చినవో మీరు కలిపినవో సరిచూసుకోండి. అతను “బహుశా” అంటే మీరు “తప్పకుండా” అని చాటింపు వేయరాదు. మూడు వారాల మాట అట్లాంటి చోటనే కొంపలు ముంచుతుంది. రైతులు అడిగిన ప్రశ్నలను కాగితంమీద రాసి, తేదీ వేసి అతని చేతికివ్వండి. ఒక నకలు మీ దగ్గర వుంచుకోండి.

రైతు సోదరులారా, అడగందే అమ్మయినా పెట్టదు. మీ చేలో మట్టి తీసుకుపోయేవారిని ఈ అయిదు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి. ఈ కొలత ఏ నేలలో తీశారు, అది నా నేలవంటిదేనా? ఎన్నాళ్ళు, ఎన్ని కాలాలు చూసి చెబుతున్నారు? పదింట ఎన్నిసార్లు మీ మాట నిజమవుతుంది, తప్పితే నష్టం ఎవరికి? నేను చేయవలసినదేమిటి, ఖర్చెంత? మళ్ళీ ఎప్పుడు వచ్చి ఫలితం చెబుతారు? శిక్షణ పొందిన పరిశోధకుడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు. “ఇది నాకింకా తెలియదు” అని ఏదైనా ప్రశ్నకు అతనంటే అతన్ని చిన్నచూపు చూడకండి. కంబ్రియా రైతులకు 1986 జూన్‌లో ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పివుంటే, వారు తమ మేత, తమ మందలు, తమ సంతలు వేరుగా సర్దుకొని వుండేవారు.

ఈసారి మీ ఊరి బావిలో ఎవరైనా సీసా ముంచినప్పుడు, ఆ బావి ఎవరిదో, తేదీ ఏదో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఫలితం రాగానే పంచాయతీ గోడమీద తెలుగులో రాయించండి. అంకె పక్కన దాని అర్థం, అర్థం పక్కన చేయవలసిన పని రాయించండి. పుస్తకంలో తేదీ పడి మూడు నెలలైనా గోడ ఖాళీగానే వుంటే, ఆ పిల్లలకు ఒక ఉత్తరం ముక్క రాయండి. మీరు ఎదురుచూస్తున్నారని వాళ్ళకు తెలియాలి గదా.